కరుణమ్మగారి సోమవారం బోర్డు

పెయింటు వాసన తగిలితే నాకు ఇప్పటికీ నెల్లూరు దగ్గరి మైపాడు రేవు గుర్తొస్తుంది. నిన్న మా వీధి మందుల షాపు ముందు పెయింటరొకాయన రేకు మీద ‘ఆదివారం సెలవు’ అని రాస్తుంటే, పనేమీ లేకపోయినా నిలబడి చూశాను. లోపల ఒకావిడ షాపు ఊడుస్తోంది. పందొమ్మిదివందల అరవైల్లో నేను మైపాడులో షాపుల ఇన్‌స్పెక్టరుని. ప్రతి దుకాణం ముందూ అలాంటి బోర్డు వేలాడేలా చూడటం నా ఉద్యోగం, లేనివాళ్లను బెదిరించడం నా సరదా. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అదీ నా వరస.

అద్దెకున్నది పాస్టరుగారి పక్క వాటాలో. ఆయనకు సెలవన్నదే లేదు. తెల్లారకముందే రేవుకు వెళ్లాలి. ఏ పడవకా పడవకు విడిగా ప్రార్థన చేస్తే గానీ జాలర్లు కదలరు. ఆ ఏడు వానల్లో జ్వరంతోనే వెళ్లి ఇసుకలో కూలబడ్డారు. వారానికొక రోజైనా విశ్రాంతి లేకపోతే మనిషి దక్కడన్నాడు డాక్టరు. నేను ఊరుకోలేక, పాస్టర్లకూ మన వారపు సెలవు చట్టం వర్తింపజేయాలని ఆఫీసుకు రాశాను. ‘దైవసేవ ఉద్యోగం కాదు’ అని ఒక్క ముక్కలో తిప్పికొట్టారు.

ఆ జవాబు చదివి పాస్టరుగారి భార్య కరుణమ్మగారు, “దేవుడికి అలుపు లేదు అబ్బయ్యా, మా ఆయనకుండాది గదా. నీ బోర్డొకటి ఈడ గూడా తగిలించు” అన్నారు.

“వద్దు” అన్నారు మంచం మీది నుంచి పాస్టరుగారు. “ఈరోజు సెలవంటారు, రేపు ప్రసంగం గూడా రాసి పంపిస్తారు సర్కారోళ్లు.”

“ప్రసంగం జోలికొస్తే చీపురు తిరగేస్తా. నిద్ర జోలికి రానీయండి.”

ఇద్దరి మాటా నిజమే అనిపించింది. చట్టం ఎక్కడ ఆగాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ‘సోమవారం పాస్టరుగారికి సెలవు’ అని బోర్డు మాత్రం నా చేత్తోనే రాసి వాళ్ల గుమ్మానికి తగిలించాను.

సోమవారం పొద్దున్నే జాలర్ల పెద్ద వచ్చాడు. చదువు రాదు. నాచేత బోర్డు చదివించుకున్నాడు.

“వలకైనా ఆరబెట్టే రోజుండాది. మనిషికి లేకపోతే ఎట్టా?” అని వెనక్కి తిరిగాడు. ఆరోజు పడవలన్నిటికీ కలిపి ఆ పెద్దే ఒక్క ప్రార్థన చేశాడట. లోపల పాస్టరుగారు గురక పెట్టి నిద్రపోతున్నారు. ఆ గురక వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

కరుణమ్మగారు మాత్రం రోజూలాగే చర్చి ఊడ్చి వచ్చి పొయ్యి ఊదుతున్నారు. “మరి మీ సెలవెప్పుడమ్మా?” అని అడిగాను.

“బోర్డు వెనకవైపు ఖాళీగానే ఉండాది గదా” అని నవ్వారు.

సాయంత్రమే దాని వెనక ‘గురువారం అమ్మగారికి సెలవు’ అని రాశాను. ఆ గురువారం పాస్టరుగారే గంజి కాచారు. అది మాడింది. అయినా ఇద్దరూ తాగారు.

నిన్న పెయింటరు రాయడం అయ్యాక నేను ఆ రేకు తిప్పి చూశాను.

“అటువైపేం లేదు సార్” అన్నాడతను.

షాపు ఊడ్చే ఆవిడ పేరేమిటని అడిగాను.