నేను దిద్దిన ఓట్లు

ఎన్నికల్లో ఒకరిని గెలిపించే పనికి ఇంకా పేరంటూ పెట్టని రోజులవి. ఇప్పుడైతే దానికి ఆఫీసులు, కంప్యూటర్లు, వ్యూహకర్త అనే బరువైన మాట ఉన్నాయి. ఎనభైల మొదట్లో నాకున్నవల్లా ఒక బీఎస్సీ పట్టా, ఒక సైకిలు, ఒక ఎర్రసిరా పెన్ను. హనుమకొండకు వెళ్లి ట్యూషన్లు చెప్పుకుంటూ, దిద్దితే బాగుపడనిది ఈ లోకంలో ఏదీ లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఆ నమ్మకం ఎన్నాళ్లు నిలిచిందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.)

బడిలో నాకు డ్రిల్లు నేర్పిన సారు రిటైరయ్యాక, కాజీపేటలో పట్టాలకు అవతలున్న మా బస్తీ నుంచి కౌన్సిలరుగా స్వతంత్రంగా నిలబడ్డారు. ఆయనకు కావలసింది ఒక్కటే, బస్తీకి నల్లా. మా ఆడవాళ్లు నీళ్ల కోసం బిందెలు పట్టుకుని పట్టాలు దాటి పోవాలి. గూడ్సు బండి అడ్డంగా ఆగి ఉంటే దాని కిందనుంచి దూరి పోవాలి. అంతకు ముందు ఏడాది అలా దూరుతుండగా బండి కదిలి, చర్చి ఊడ్చే అవ్వ కోడలి కాలు నుజ్జయింది. ఆ పిల్ల ఇంకా కర్ర పట్టుకునే నడుస్తోంది. "ఆ నల్లా ఒక్కటి వస్తె చాలురా, మల్ల జన్మల నిలబడ" అన్నారు సారు. అని, ప్రచారం బాధ్యత మొత్తం నా నెత్తిన పెట్టారు.

నేను శాస్త్రీయంగా ఆలోచించాను. (బీఎస్సీ కదా.) కిందటి ఎన్నికల్లో మా బస్తీ ఓట్లు చాలామట్టుకు గుర్తుల మధ్య గీత మీద ముద్ర పడి చెల్లకుండా పోయాయని విన్నాను. అంటే మాకు కావలసింది ఉపన్యాసాలు కాదు, ప్రాక్టీసు. సారుకిచ్చిన గుర్తు నిచ్చెన. హనుమకొండ ప్రెస్సులో గులాబీరంగు నమూనా బ్యాలెట్లు అచ్చేయించాను. వడ్లాయన చెక్కతో ఒక ముద్ర చేసిచ్చాడు. చర్చి ముందు ఖాళీస్థలంలో వారం రోజులు సాయంత్రం క్లాసు పెట్టాం. సారు మెడలో ఈల. "లైన్ల నిలబడుండ్రి! నిచ్చెన మీద గుద్దు! మడతపెట్టు! మల్ల మడతపెట్టు! నెక్స్ట్!" అసలు బ్యాలెట్ తెల్లగా ఉంటుందని మొదటిరోజు ఒకసారి చెప్పాను. ఒకసారి చెబితే చాలనుకున్నాను.

దిద్దడం మాత్రం రోజూ దిద్దాను. ముద్ర గీత మీద పడితే మళ్లీ వేయించేవాణ్ణి. సరిగ్గా నిచ్చెన మీద పడితే ఎర్రసిరాతో టిక్కు పెట్టి, 'మంచిగుంది' అని రాసి, కింద పొట్టి సంతకం గీకి, ఇంటికి తీసుకుపోయి రోజూ చూసుకొమ్మని ఇచ్చేవాణ్ణి. చర్చి అవ్వ మూడు రోజులు వరసగా ఫెయిలైంది. నాలుగో రోజు పాసైనప్పుడు ఆ కాగితం కళ్లకద్దుకుంది. "ఎన్నడు బడి మొఖం చూడలే బిడ్డా. ఇయ్యాల పాసైన" అంది.

పోలింగు రోజు మా ఆడవాళ్లంతా బూత్ నుంచి బయటికొస్తూ నన్ను చూసి నవ్వారు. "జర గూడ తప్పు పోలె, ఫికర్ చెయ్యకు" అంది అవ్వ. ఆ మధ్యాహ్నమే నేను సారును కౌన్సిలరు గారూ అని పిలవడం మొదలుపెట్టాను.

మర్నాడు లెక్కింపు. మా డబ్బా బోర్లించగానే తెల్ల కాగితాల మధ్య అక్కడక్కడ గులాబీరంగు కనిపించింది. ఆఫీసరు ఒకటి విప్పి చూశారు. రెండోది చూశారు. అన్నింటి మీదా ఎర్ర టిక్కు, 'మంచిగుంది', పొట్టి సంతకం. "ఎవరయ్యా ఈ పేపర్లు దిద్దిన మహానుభావుడు?" అని అడిగారు. హాలంతా నవ్వింది. భూమి చీలితే బాగుండుననిపించింది గాని, చీలలేదు. సారు లేచి, డ్రిల్లులో నిలబడ్డట్టే నిటారుగా నిలబడి, "మా పిల్లగాడు సార్. అందర్ని పాస్ చేసిండు. నేనే ఫెయిలైన" అన్నారు. గులాబీ కాగితాలు నలభై మూడు. మేం ఓడింది పంతొమ్మిది ఓట్లతో.

తిన్నగా అవ్వ ఇంటికి పోయాను. "ఎందుకవ్వా గిట్ల చేసినవ్?" అని ఏడుపు గొంతుతో అడిగాను. అవ్వ బిత్తరపోయింది. "ఆళ్లిచ్చిన దాని మీద చెయ్యి వణికి గీత మీద పడితె ఎట్ల బిడ్డా? నువ్వు చూసి మంచిగున్నదని రాసిచ్చిన కాయిదం ఉండంగ, కొత్తదాని జోలికెందుకు పోవాలె? కొంగుల దాచుకొని పోయి అదే ఏసిన. పాసైనోళ్లందరికి గూడ నేనే చెప్పిన." అని, బైబిలు తెరిచి, అందులోంచి మడత నలగని తెల్ల బ్యాలెట్ తీసి నా చేతిలో పెట్టింది. "ఇగో, ఆళ్లిచ్చింది పారెయ్యలె. నీకోసమే భద్రంగ తెచ్చిన."

ఆ గడపలోనే కూలబడి ఏడ్చాను. నా ఏడుపు చూసి అవ్వకు సంగతి అర్థమైంది. కోడలి కర్ర వంక చూసింది. తర్వాత కొంగుతో నా మొహం తుడిచింది.

గెలిచినాయన నల్లా వేయించాడు, తన కర్రల డిపో ముందు. మా వాళ్లు మరో నాలుగేళ్లు గూడ్సు బండ్ల కింద దూరారు. రోజూ పొద్దున్నే సైకిలు మీద పోతూ ఆ బిందెల వరసను చూసేవాణ్ణి. తలతిప్పుకునేవాణ్ణి. సారు మళ్లీ నిలబడలేదు. అన్నమాట నిలబెట్టుకున్నారు, నల్లా రాకుండానే.

ఆశ్చర్యమేమంటే, నేను మాత్రం ఆ పని వదల్లేదు. ఆ తర్వాత ఎంతోమంది పెద్దవాళ్ల కోసం గోడల మీద, కరపత్రాల మీద ఎన్నో వాగ్దానాలు రాశాను. కొందరు గెలిచారు కూడా. కానీ అందులో ఒక్క ముక్కనైనా జనం నమ్మి ఓటేశారని నేననుకోను. ఆ తెల్ల బ్యాలెట్ ఇంకా నా దగ్గరే ఉంది. తీసి చూసినప్పుడల్లా ఎర్రసిరా పెన్ను జేబులో పెట్టుకుని సైకిలెక్కే ఆ కుర్రవాడు గుర్తొచ్చి, వాణ్ణి తిట్టబోయి నవ్వేస్తాను. ఏమైనా, వాడు రాసిన ఒక్క మాటను నలభై మూడు మంది కొంగున దాచుకుని వెళ్లి డబ్బాలో వేశారు.