అప్పకు అల్లిన వేసవి స్వెట్టరు

ఏప్రిల్‌లో ఎవరూ స్వెట్టరు అల్లరు. కలకత్తాలో అయితే అసలే అల్లరు. నేను మా అప్ప కోసం అల్లాను.

అప్ప అంటే అక్క. మా శ్రీకాకుళం వైపు అలాగే పిలుస్తాం. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. మా బావ ఓడరేవు డాకులో పనిచేసేవాడు. ఆయన పోయాక కూడా అప్ప వాట్‌గంజ్‌లోని ఆ ఇంట్లోనే ఒక్కతే ఉండేది. నిరుడు చలికాలంలో రొమ్ములో గడ్డ బయటపడింది. కుడివైపు పూర్తిగా తీసేశారు. తర్వాత కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. అదంతా అయ్యేసరికి ఎండలు వచ్చేశాయి. ఒంటరిగా వదలలేక, సంత్రాగాఛిలో మా రైల్వే క్వార్టర్సుకి తెచ్చుకున్నాను.

కరెంటు వేడికి చంక కింద చర్మం నల్లబడి పొరలు లేచింది. కుడిచెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా వాచిపోయింది. జాకెట్టు ఎక్కదు. నైటీ ఒరుసుకుంటే మంట. మా ఆయన పాత చొక్కా ఒకటి తొడుక్కుని రోజంతా గదిలోనే కూర్చునేది. మా తెలుగు చర్చిలో ఏళ్ళ తరబడి పాటల జట్టును నడిపించిన మనిషి, ఈస్టరుకి కూడా గడప దాటలేదు. పాస్టరుగారు చూడటానికి వస్తే నిద్రపోతోందని చెప్పమంది.

"సన్నటి నూలు దారంతో వలలాగ జాలీ అల్లుతానప్పా. గాలాడతాది. వదులుగా తల మీంచి తొడుక్కోవచ్చు. సేతులు పొడుగ్గా పెడతాను," అన్నాను ఒకరోజు.

"ఈ ఎండల్లో స్వెట్టరేటే? మతి పోనాదేటి?" అంది. వద్దని మాత్రం అనలేదు.

నాకు అల్లిక నేర్పింది అప్పే. చిన్నప్పుడు ఒక కుట్టు తప్పితే మొత్తం విప్పించేది. నేను ఏడ్చినా ఊరుకునేది కాదు. అందుకే ఆవిడకు నేను అల్లుతానని అనడానికే కొంచెం భయం వేసింది.

మర్నాడు హౌరా వెళ్ళి లేత నీలం నూలు దారం కొన్నాను. "ఈ గొరొమ్‌లోనా, దీదీ?" అని బయట ఎండకేసి చూపిస్తూ కొట్టాయన నవ్వాడు. ఇంట్లో మనిషికి జబ్బని చెప్పాలనిపించి, చెప్పకుండా వచ్చేశాను.

కొలతల దగ్గర చిక్కు వచ్చింది. టేపు పట్టుకుని దగ్గరికి వెళితే అప్ప చొక్కా ముందుభాగం గట్టిగా పట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. "నీ కొలతే నా కొలత. ఎళ్ళు," అంది. నా కొలత సరిపోదని ఇద్దరికీ తెలుసు. ఆ చెయ్యి నా చెయ్యికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది.

అప్పుడు నేను చేయకూడని పని చేశాను. మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతుంటే మెల్లగా మంచం పక్కన కూర్చుని ఆ చేతి చుట్టూ టేపు వేశాను. అంకె చూసేలోపే కళ్ళు తెరిచింది.

"పెట్టెకి కొలత తీస్తన్నావేటే?"

ఏ పెట్టో నాకు వెంటనే అర్థమైంది. మా బావ పోయినప్పుడు వడ్రంగి వచ్చి శవపెట్టెకి కొలతలు తీసుకున్నాడు, ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. "తప్పయిపోనాది అప్పా," అన్నాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, మాత్రలు ఇస్తే మింగేది, అంతే.

నేను అల్లడం ఆపలేదు. ఊరికే కూర్చుంటే ఇంకా బెంగగా ఉండేది. దారాన్ని ఒకసారి సూదికి చుట్టి, పక్కనున్న రెండు కుట్లను కలిపి ఒకటిగా అల్లితే ఒక కన్నం పడుతుంది. కన్నాలు వరసగా పడుతూ పైకి ఆకుల్లాగా తేలతాయి. ఎక్కడైనా చుట్టు మరిచిపోతే ఆకు పక్కకి వాలిపోతుంది. నా మనసు నిలకడగా లేదు, చాలా ఆకులు వాలిపోయాయి. జానెడు అల్లేసరికి మూడుసార్లు విప్పాను.

ఐదో రోజు సాయంత్రం నేను గుమ్మం దగ్గర వెలుతురుకి కూర్చుని అల్లుతున్నాను. లోపలినుంచి అప్ప గొంతు వినిపించింది. "ఆ వరసలో ఓ కన్నం వదిలీసినావు."

"ఎక్కడప్పా?"

"సూసుకో. ఇంత దూరం నుంచి నాకే కనిపిస్తంది. ఇలగ తే."

ఇచ్చాను. ఎడమచేత్తో అల్లికను ఒళ్ళో సర్దుకుని, కుడిచేతి వేళ్ళతో సూది పట్టుకుంది. ఆ వేళ్ళకి స్పర్శ సరిగ్గా లేదు. ఒక వరస మెల్లగా నడిచింది. రెండో వరస మధ్యలో సూది జారిపోయింది. కుట్లు ఊడి, నాలుగైదు వరసలు కిందికి జారిపోయాయి. పట్టుకోబోయింది, ఇంకా జారాయి.

ఆపరేషన్ రోజున ఏడవలేదు, కరెంటు పెట్టినన్ని రోజులూ ఏడవలేదు. ఆ జారిపోయిన కుట్లు చూసి ఏడ్చింది. అల్లికను నా ఒళ్ళోకి విసిరేసింది.

"దీన్నేసుకుని నాను సర్చికి ఎలగ ఎల్తాననుకున్నావు? అన్నీ కన్నాలే. లోపల ఏటీ నేదని ఊరంతటికీ కనపడిపోదేటి?"

నాలుగు రోజుల మౌనం వెనక ఇదీ ఉంది. గాలి గురించి ఆలోచించాను, చంకలో మంట గురించి ఆలోచించాను, ఇది మాత్రం నాకు తట్టనే లేదు. ఆడదాన్నై ఉండి తట్టలేదు. సిగ్గేసింది.

"ముందుభాగం కన్నాలు నేకుండా గట్టిగా అల్లుతాను. సేతులకీ, పక్కలకీ, వీపుకీ జాలీ పెడతాను," అన్నాను.

అప్ప చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "తలుపెయ్యి. టేపు తే," అంది.

చొక్కా గుండీలు తనే విప్పుకుంది. ఆపరేషన్ అయ్యాక కట్లన్నీ నర్సులే మార్చారు, నేనెప్పుడూ చూడలేదు. ఛాతీ మీద చంకదాకా ఏటవాలుగా ఒక గీత, దాని చుట్టూ కాలిన చర్మం. నా చూపు పక్కకి తిరిగిపోయింది.

"సూడు," అంది అప్ప. "సూడకపోతే కొలత ఎలగ తీస్తావే?"

చూశాను. టేపు ఆ చర్మానికి తగలకుండా ఎడంగా పట్టుకుని కొలతలు తీశాను. తొందరలో ఒక అంకె తప్పు చదివాను. "నిదానంగా తియ్యి," అంది, కుట్టు తప్పితే చెప్పే గొంతుతోనే.

మొత్తం విప్పేసి మళ్ళీ మొదలుపెట్టాను. రెండు చేతులకీ వేరువేరు లెక్కలు. కుడిచేతికి ఎడమకన్నా పద్దెనిమిది కుట్లు ఎక్కువ పడ్డాయి. ముందుభాగం కుడివైపు లోపల మెత్తటి మల్లు గుడ్డతో ఒక సంచి కుట్టి, దాంట్లో దూది నింపాను. అప్ప పక్కన కూర్చుని ప్రతి వరసా చూసేది. తప్పులు పట్టేది. సూదులు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

మే చివరి ఆదివారం పాత వాయిలు చీర మీద అది వేసుకుని చర్చికి వచ్చింది. పాటల జట్టు దగ్గరికి వెళ్ళకుండా వెనక బెంచీ మీద గోడవారగా కూర్చుంది. ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ వచ్చి, "ఇంత ఉక్కలో స్వెట్టరేటమ్మా?" అని అడిగింది. "నూలుదే పిన్నీ, సల్లగా ఉంటాది. మా సెల్లి అల్లింది," అని అప్ప మామూలుగా చెప్పింది. అంతకుముందు ఆరాధనలో అందరూ పాట అందుకున్నప్పుడు మాత్రం పెదవులు కదపలేదు. పుస్తకం తెరిచి పట్టుకుంది, అంతే. ఇంటికి వచ్చాక గొంతు రాలేదా అని అడిగాను. "ఊపిరి సాలటం నేదే," అంది.

ఆ మాట డాక్టరుతో చెబితే స్కాను తీయించారు. ఊపిరితిత్తి మీద చిన్న మచ్చ ఉందట. కరెంటు వల్ల వచ్చిందో, ఆ గడ్డే అక్కడికి పాకిందో ఇప్పుడే చెప్పలేమనీ, మూడు నెలలు ఆగి మళ్ళీ చూద్దామనీ అన్నారు.

ఇప్పుడు ఆ మూడు నెలల్లో ఉన్నాం. వర్షాలు మొదలయ్యాయి. అప్ప ప్రతి ఆదివారం వస్తూనే ఉంది, వెనక బెంచీ మీదే కూర్చుంటోంది. నేను ఆవిడ పక్కన కూర్చుని, పాట నడుస్తున్నంతసేపూ ఆవిడ ఊపిరి వింటూ ఉంటాను.