పిడుగుకు నిదానమేంది

మార్కాపురంలో మా జిరాక్స్ షాపు పక్కనే ఉన్న వీరభద్రయ్య బాబాయి హార్డ్‌వేర్ దుకాణంలో పావుకిలో మేకులు కొనాలంటే ముందు రెండు పాటలు వినాలి. మొదటిది పాతది, రెండోది కొత్తది. విన్నాక రెండింటికీ తేడా చెప్పాలి. సరిగ్గా చెబితేనే మేకులు.

బాబాయికి అరవై రెండేళ్ళు. తెల్ల పంచె, నుదుట విభూతి, చేతికి రాగి కడియం. కొత్తవాళ్ళు చూస్తే ఈయన పొద్దున సుప్రభాతం, సాయంత్రం ప్రవచనం వింటాడనుకుంటారు. ఆయన వినేది రాక్ సంగీతం. అందులోనూ ఒకే ఒక్క బ్యాండు, దాని పేరు 'పిడుగు'. ఇరవై ఏళ్ళ కింద తాళాల సరుకు కోసం హైదరాబాదు వెళ్ళి, ఏదో దుకాణంలో ఆ బ్యాండు మొదటి ఆల్బమ్ 'రాళ్ళవాన' విని, తాళాల సంగతి మర్చిపోయి సీడీ ఒక్కటే పట్టుకుని తిరిగొచ్చాడు. ఆ ఏడాది ఊళ్ళో సగం మంది పక్క దుకాణంలో తాళాలు కొన్నారని రాజ్యలక్ష్మి పిన్ని ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

నాలుగు ఆల్బమ్‌ల తరవాత పిడుగు వాళ్ళు ఎనిమిదేళ్ళు నోరు విప్పలేదు. పోయిన ఏడాది ఐదోది వస్తోందని తెలిసింది. విడుదలైన రోజు బాబాయి తలంటు పోసుకుని వచ్చాడు. స్పీకరుకు బంతిపూల దండ వేశాడు, టెంకాయ కొట్టాడు. తొమ్మిది పాటలూ స్టూలు మీద నుంచి కదలకుండా విన్నాడు. తరవాత లేచి షట్టరు సగం దించాడు. నేను పరుగెత్తాను.

"ఎవరన్నా పోయినారా బాబాయ్?"

"పిడుగు పోయింది."

"అట్లంటే?"

"ఆల్బమ్ పేరేందో తెలుసునా నీకు? 'నిదానం'. పిడుగుకు నిదానమేంది గాయత్రీ? ఆకాశంలో నుంచి నిదానంగా దిగొస్తాదా అది? యాడన్నా చూసినావా?"

నేను చూడలేదని ఒప్పుకున్నాను.

మర్నాటి నుంచి విచారణ మొదలైంది. మొదట దొరికినవాడు రాచర్ల పేతురు. మార్కాపురం రోడ్డు స్టేషనుకూ ఊరికీ మధ్య ఆటో తిప్పుతాడు. ఆటోకు బోల్టు ఊడిపోయి, లోపల అయిదుగురు మనుషులతో దుకాణం ముందు ఆపాడు.

"ఒక బోల్టు ఇయ్యి మామా. బండిలో జనం ఉండారు."

"ఉండనీ. ముందు ఇది విను."

పేతురు విన్నాడు.

"ఇప్పుడిది విను."

అదీ విన్నాడు. "రెండూ బాగానే ఉండాయి గదా మామా," అన్నాడు పాపం, మంచి మనసుతో.

బాబాయి చేతిలో ఉన్న బోల్టును డబ్బాలో వేసి మూత పెట్టాడు. "మా దగ్గర బోల్టులు లేవు."

"ఇప్పుడే చేతిలో ఉండె గదా."

"అయిపోయినాయి."

ఆటోలో జనం విసిగిపోయి ఒక్కొక్కరే దిగొచ్చారు. చంకలో కోడిపెట్టను పెట్టుకున్న వెంకాయమ్మ అనే ముసలావిడ రెండు పాటలూ శ్రద్ధగా వింది. "మొదటిదాంట్లో ఒళ్ళు మండినోడు అరస్తా ఉండాడు. రెండోదాంట్లో అన్నం తిని పడుకున్నోడు అరస్తా ఉండాడు," అంది. బాబాయి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. బోల్టు పేతురుకు ఇవ్వలేదు, వెంకాయమ్మ చేతికే ఇచ్చాడు.

నెల తిరక్కుండా ఊరంతా జవాబు నేర్చుకుంది. మెట్టు ఎక్కుతూనే చేతులు జోడించి "పాతదే బాగుంది, అర కిలో వైరు" అనేవాళ్ళు. దానికీ కోపమే. "వినకుండా ఎట్ల చెప్తావు? దొంగ సాక్ష్యం నాకొద్దు. కూర్చో." చాలామంది ఎదుటి వీధి దుకాణానికి మళ్ళారు. బాబాయి లెక్కచెయ్యలేదు. చెవులు లేనోళ్ళకు సుత్తెలమ్మి ఏం లాభమని ఆయన వాదన.

తరవాత పిడుగు వాళ్ళ ఆఫీసుకు ఉత్తరాలు మొదలయ్యాయి. టైపు చెయ్యాల్సింది నేను.

"మహాశయులారా అని వెయ్యనా బాబాయ్?"

"వాళ్ళు మహాశయులు యాడయినారు? ఉత్త 'అయ్యా' అని వెయ్యి, చాలు."

ఆయన మా షాపులో అటూ ఇటూ తిరుగుతూ చెప్పేవాడు, నేను కొట్టేదాన్ని. 'అయ్యా, రేపు నేను తుప్పు అని బోర్డు పెట్టుకొని ఇనుము అమ్మితే మీరు కొంటారా? పిడుగు అని పేరు పెట్టుకొని జోలపాటలు అమ్ముతారా? మూడో పాటలో డ్రమ్ములు కొట్టింది మనిషి కాదు. మనిషైతే కోపమొస్తే రవ్వంత ముందుకు పోతాడు, దిగులేస్తే రవ్వంత వెనక్కు తగ్గుతాడు. ఇది గోడ గడియారం మాదిరి కొడుతూ ఉంది. డ్రమ్ములు వాయించే శరత్‌చంద్ర అనే పిల్లవాడిని ఏం చేశారు? జవాబు కావాలి.'

"ఈమెయిలు పంపితే క్షణంలో చేరుద్ది గదా," అన్నాను.

"తిట్టినప్పుడు కాగితం చేతికి తగలాల."

పదకొండు ఉత్తరాలు రిజిస్టరు పోస్టులో వెళ్ళాయి. ఒక్కదానికీ జవాబు లేదు. మధ్యలో ఒకసారి, మిగతా అభిమానులు ఇంటర్నెట్లో ఏమంటున్నారో చదివి వినిపించమన్నాడు. చదివాను. పాటలు మెత్తబడ్డాయని కొందరు, పాడేవాడి గొంతు అరిగిపోయిందని కొందరు, కాలేజీ రోజుల్లో తాము ప్రాణం పెట్టుకున్న బ్యాండు ఇది కాదని చాలామంది. బాబాయి ఒక్కోదానికీ తల ఊపాడు.

"డ్రమ్ముల సంగతి ఎవరన్నా రాసినారా?"

"లేదు బాబాయ్."

"వేలమందిలో ఒక్కడు కూడానా?"

"ఒక్కరూ లేరు."

ఆ రోజు బ్యాండును వదిలేసి అభిమానుల్ని తిట్టాడు.

ఇది జరిగిన మూడు వారాలకు, ఒక గురువారం మధ్యాహ్నం, పేతురు ఆటోలో నుంచి సన్నటి మనిషి ఒకాయన దిగాడు. నలభై అయిదేళ్ళుంటాయి. భుజానికి గుడ్డ సంచి. కుడి చెయ్యి ప్యాంటు జేబులోంచి బయటికి తియ్యలేదు. అతను నోరు తెరిచేలోపే బాబాయి స్టూలు జరిపాడు.

"కూర్చో నాయనా. ఇది విను."

అతను కూర్చుని విన్నాడు.

"ఇప్పుడిది విను."

అతను తలొంచుకుని విన్నాడు. పేతురు గుమ్మం దగ్గర నిలబడి, పాతదే బాగుందని చెప్పమని కళ్ళతో సైగ చేస్తున్నాడు.

"తేడా చెప్పు," అన్నాడు బాబాయి.

"రెండోదాంట్లో డ్రమ్మరు లేడు."

బాబాయి పాట ఆపేశాడు. ఏడాదిగా మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి మనుషుల్ని అడిగి అడిగి అలసిపోయిన మాట అది. "పేతురూ, విన్నావా? ఇదీ చెవంటే. నాయనా, నీకు ఏం కావాల్నో చెప్పు, ఇస్తా. నీ పేరేంది?"

"శరత్‌చంద్ర," అంటూ అతను సంచిలోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. నేను టైపు చేసిన పదకొండు ఉత్తరాలు.

నాకైతే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తుప్పు దగ్గర్నుంచి జోలపాటల దాకా అన్నీ నా చేత్తో కొట్టినవే. బాబాయి మాత్రం తొణకలేదు. కట్ట మీద ఒకసారి చెయ్యి వేసి అడిగాడు. "చెయ్యికేమైంది?"

అతను చెప్పాడు. కర్ర పట్టుకోగానే కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయి బిగుసుకుంటాయట. నరాల జబ్బట. మెల్లగా మళ్ళీ నేర్పిస్తే రావచ్చు, రాకపోవచ్చునని డాక్టర్లు అన్నారట. అప్పటికే ఆల్బమ్ విడుదల తేదీ చెప్పేశారు. మెషీన్ పెడదాం, ఎవరికీ తెలియదులే అని మిగతావాళ్ళు అన్నారట. ఇతను ఊ అన్నాడు. తరవాత కురిచేడులో వాళ్ళ అమ్మ దగ్గరికి వచ్చేశాడు.

"నిజంగానే ఎవురికీ తెల్లేదు బాబాయ్," అన్నాడు. "చెయ్యి పోయినందుకు గూడా అంత బాధ పడలేదు నేను. ఇరవై ఏళ్ళు వాయించిన మనిషి లేకుండా పోయినా ఒక్కరికీ తెలియలేదే అని. మొన్న హైదరాబాదు పోతే, మా బ్యాండు ఆఫీసులో ఈ ఉత్తరాలు ఒక డబ్బాలో పడి ఉంటే తెచ్చుకున్నా."

నేను ఏదో ఓదార్పు మాట కోసం వెతుక్కుంటున్నాను. బాబాయి బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. స్క్రూల డబ్బా కింద పడింది.

"ఎనిమిదేళ్ళు ఆగినోళ్ళం మేము. ఇంకో రెండేళ్ళు ఆగలేక చస్తామా? నీ కోసం ఆగలేకపోయినారా వాళ్ళు? గాయత్రీ, పన్నెండో ఉత్తరం తయారు చెయ్యి."

"వద్దు బాబాయ్. నా కోసం వాళ్ళతో పోట్లాడొద్దు."

"నీ కోసమని ఎవరన్నారు? మోసపోయింది నేను. టెంకాయ కొట్టింది నేను."

శరత్‌చంద్ర నవ్వాడు. వచ్చాక అదే మొదటిసారి.

దుకాణం వెనకే ఇల్లు. రాజ్యలక్ష్మి పిన్ని అందరికీ అన్నం పెట్టింది. పేతురును కూడా కూర్చోమంది. శరత్‌చంద్ర చెంచా అడిగి ఎడమ చేత్తోనే తిన్నాడు. తిన్న తరవాత బాబాయి ఖాళీ పెయింటు బకెట్లు రెండు లాక్కొచ్చి బోర్లించాడు. "ఆ మూడో పాట ఎట్లుండాల్నో నేను కొట్టి చూపిస్తా," అన్నాడు.

కొట్టాడు. చెప్పకూడదు గానీ, మెట్ల మీద నుంచి పప్పుల డబ్బా దొర్లినట్టుంది. శరత్‌చంద్ర ముఖం పాలిపోయింది.

"అట్ల కాదు బాబాయ్."

"ఇట్లనా?" ఈసారి ఇంకా ఘోరం.

శరత్‌చంద్ర ఆగలేక రెండో బకెట్టు ముందు కూర్చుని ఎడమ చేత్తో వాయించి చూపించాడు. బాబాయి తల ఊపి, సరిగ్గా నాలుగో దెబ్బ దగ్గర మళ్ళీ తప్పాడు. మళ్ళీ చూపించాడు, మళ్ళీ తప్పాడు. అయిదోసారికి శరత్‌చంద్ర కుడి చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి. అతను వాటిని పట్టించుకోలేదు. అరచేతి కిందిభాగంతో బకెట్టు మీద దబ్బున వేశాడు. "ఇక్కడ పడాల. ఇక్కడ. వినపడతా ఉందా?"

"లేదు. ఇంకోసారి."

"బాబాయ్, మీకసలు తాళం ఉందా? ఇన్నాళ్ళు మమ్మల్ని తిట్టింది మీరేనా?"

దుకాణం ముందు పదిమంది పోగయ్యారు. గరుకు కాగితం కోసం వచ్చిన ఒకాయన అడిగి అడిగి, చివరికి తానూ అరుగు మీద కూర్చున్నాడు. సాయంత్రం రైలు టైము దాకా ఆ తిట్లూ ఆ దెబ్బలూ ఆగలేదు. పేతురు హారను కొడితే గానీ శరత్‌చంద్ర లేవలేదు.

"గురువారం మళ్ళీ వస్తా. అంతలోపల ఆ నాలుగో దెబ్బ నేర్చుకొని ఉండండి," అన్నాడు కోపంగా.

"సరే నాయనా," అన్నాడు బాబాయి, హోంవర్కు చెయ్యని పిల్లాడిలా.

ఆటో వెళ్ళాక నేను నవ్వు ఆపుకోలేకపోయాను. లోపల గిన్నెలు సర్దుతున్న పిన్నితో అన్నాను. "ఇరవై ఏళ్ళ నుంచి డ్రమ్ముల మీద తీర్పులు చెప్పే మనిషికి తాళమే తెలియదంటే ఎట్ల పిన్నీ?"

"తెలియకపోవడమేంది?" అంది పిన్ని. "పెళ్ళికి ముందు పన్నెండేళ్ళు భజన మండలిలో డోలక్కు ఆయనదే. నన్ను చూడను కనిగిరి వచ్చిన రోజు మా వీధి భజనలో గంటసేపు వాయించినాడు. ఒక్క దెబ్బ తప్పితే ఒట్టు."

నేను ముందు గదిలోకి వచ్చాను. బాబాయి బకెట్టు ముందు ఒంటరిగా కూర్చుని, నాలుగో దెబ్బ దగ్గర ఆగి, వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు.

"పిన్ని చెప్పింది," అన్నాను.

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "వాడికి చెప్పబాకు పాపా. కానీ పెద్ద చిక్కొచ్చి పడింది. గురువారం గూడా సరిగ్గా ఇదే తప్పు కొట్టాల గదా. ఎట్ల తప్పినానో గుర్తుకు రావడం లేదు."