ఈత రాని పదిమంది

ఒక్క లైను ప్రోగ్రాంతో పదిమందిని నీళ్లలో ముంచడం సాధ్యమా అని మీకు అనుమానముంటే నన్నడగండి. నేను ముంచాను. ఇన్నేళ్లయినా ఆ రోజు గుర్తొస్తే అప్పటి నన్ను గల్లా పట్టుకుని రెండు పీకాలనిపిస్తుంది. వెధవ దొరకడు. అదే నా మంట.

అప్పట్లో హైదరాబాద్‌లో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతివాడికీ కాళ్లు నేల మీద ఆనేవి కావు. నాకైతే మరీనూ. కృష్ణానగర్‌లో నా గది కిందే యాదగిరన్న ఆఫీసు. సినిమాలకు జూనియర్ ఆర్టిస్టులను పంపే ఏజెంటు ఆయన. రెండొందల మంది వివరాలు రాసుకున్న లావుపాటి రిజిస్టరు ఒకటి ఉండేది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేద్దామని నేనే ఎగబడ్డాను. టైపింగుకు ఒకమ్మాయిని పెట్టి, నేను మాత్రం పెద్ద ఇంజనీరులా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

ఒకరోజు యాదగిరన్న హడావుడిగా మెట్లెక్కి వచ్చాడు.

"తమ్మీ, పెద్ద కంపెనీ పిలిచింది. జూబ్లీహిల్స్‌ల ఒక బంగ్లా ఉంది, ఆడ స్విమ్మింగ్ పూల్ సీను. ఈతొచ్చినోళ్లు పదిమంది కావాల్నట. గిది మంచిగైతే పిక్చర్ మొత్తం మనకే ఇస్తమన్నరు."

"రెండు నిమిషాలన్నా!"

"నేను బోరబండల పెండ్లికి పోవాలె. జర రిజిస్టర్ ఒక్కపారి సదువు. నేను రాసే పద్ధతి వేరే ఉంటది."

"చదవడానికి కంప్యూటరుంది కదన్నా! మళ్లీ నేనెందుకు?"

చూశారా పొగరు! ఆ నోట్లో గుడ్డలు కుక్కేవాళ్లే లేకపోయారు.

స్ప్లిట్ అని ఒక కమాండు ఉంది. వాక్యం ఇస్తే ఖాళీ కనబడిన చోటల్లా తెగ్గొట్టి, ముక్కలు మన చేతిలో పెడుతుంది. ప్రతి ఆర్టిస్టు లైన్నీ అలా తెగ్గొట్టి, ముక్కల్లో 'ఈత' ఉన్నవాళ్ల పేర్లు తీయమన్నాను. సరిగ్గా పది పేర్లొచ్చాయి. దేవుడే లెక్కపెట్టి పంపాడనుకుని, పదిమందికీ నేనే ఫోన్లు చేశాను.

మర్నాడు ఉదయం పూల్ దగ్గర కో-డైరెక్టర్ అడిగాడు. "అందరూ ఈత వచ్చినవాళ్లేగా అండీ?"

"వీళ్లు చేపలండీ!" అన్నాను.

"యాక్షన్" అనగానే పదిమందీ దూకారు. పైకి తలలు రావాలి కదా? చేతులొచ్చాయి.

సరిగ్గా అప్పుడే పెళ్లి నుంచి వచ్చిన యాదగిరన్న, తెల్లబట్టలతో, జేబులో సెల్‌ఫోన్‌తో అలాగే దూకేశాడు. వెనకే లైట్‌మెన్ దూకారు. అందరినీ క్షేమంగా గట్టెక్కించారు. నేను గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకూ ఈత రాదు.

ఆ పదిమందిలో ఒకరు, దగ్గుతూ కూర్చున్న సరోజగారి మీదికి వెళ్లాను, సిగ్గులేకుండా. "ఈత రాదని ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"రాదంటే వేషమెవరిస్తారు బాబూ? పిలిచింది మీరు, దూకింది నేను. ఇంకా నన్నే అంటారా?"

నీళ్లోడుతూ యాదగిరన్న, నా సంచిలో ఉన్న రిజిస్టరు తీసి, తెరిచి నా ముక్కు దగ్గర పెట్టాడు. సరోజగారి పేరు పక్కన ఉన్నది ఇదీ: 'గుర్రం రాదు ఈత రాదు'.

"కృష్ణానగర్ల ఏదడిగినా వచ్చనే అంటరు తమ్మీ. అందుకే పరీక్ష పెట్టి, రానిదే రాస్త. రాయలేదంటే వచ్చినట్టు. జర సదువుమంటి గద!"

నా స్ప్లిట్ 'ఈత'ను పట్టుకుని 'రాదు'ను అవతల పారేసింది. రెండొందల మందిలో ఈత రానివాళ్లు పదిమందే. ఆ పదిమందినీ, ఒక్కరు తప్పిపోకుండా, ఏరి తెచ్చాను.

"వేరే ఏజెంటును చూసుకుంటాం, మీరు వెళ్లిరండి," అన్నాడు కో-డైరెక్టర్. యాదగిరన్న రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన చేతికందిన పిక్చర్‌ను నేను పోగొట్టాను. ఆ కోపం నా మీద నాకు ఈరోజుకీ చల్లారలేదు.

"తిట్టన్నా," అన్నాను దారిలో.

"తిడితే పిక్చర్ వస్తదా?" అన్నాడు. ఆఫీసుకెళ్లాక రిజిస్టరు చివర నా పేరు రాసి, పక్కన 'కంప్యూటర్ రాదు' అని చేర్చాడు. టైపింగ్ అమ్మాయి దాన్నీ బుద్ధిగా ఎక్కించేసింది.

వారం తిరక్కుండానే ఇంకో కంపెనీ వాళ్లు, ఆఫీసు సీనుకు కంప్యూటర్ తెలిసిన మనిషిని పంపమన్నారు. యాదగిరన్న 'ఈత' బదులు 'కంప్యూటర్' అని కొట్టి నా ప్రోగ్రాం తనే నడిపి, నవ్వాపుకుంటూ పైకొచ్చాడు. "తమ్మీ, రెండొందల మందిల నీ పేరొక్కటే వచ్చింది. పొద్దుగాల ఏడింటికి తయారుండు!"

వెళ్లాను. నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "ఏమీ నొక్కకండి, నొక్కినట్టు చేయండి చాలు," అన్నారు. ఆ కీబోర్డు మీద కుడిచెయ్యి పెట్టి, మొత్తం చదవకుండా ఇక ఏ వాక్యాన్నీ తెగ్గొట్టనని ప్రమాణం చేశాను. దాని వైరు దేనికీ తగిలించి లేదు. అందుకే ఆ ఒక్కసారి నా వల్ల ఎవరూ మునగలేదు.