ఇంగ్లండు ఎలక్షన్లో మా ఇంటి పళ్లెం

చిన్నాయన ఓడిపోవాలని నేను మొక్కని దేవుడు లేడు. ఫ్లెక్సీ గుడ్డ కొనడానికి కడపకు పోయినప్పుడు దర్గాలో కళ్లు మూసుకుని కూడా అదే అడిగాను. అడిగినందుకు నాకు ఇప్పటికీ సిగ్గులేదు. ఇంతకీ ఆయన నిలబడింది మా ఊళ్లో కాదు, మా జిల్లాలో కూడా కాదు. ఇంగ్లండులో, ఒక చిన్న టౌనులో, ఒక కౌన్సిల్ వార్డుకు.

చిన్నాయన అంటే మా నాయన చిన్నాన్న కొడుకు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ నాపరాళ్ల వ్యాపారం చేశాడు. చిన్నమ్మ నర్సు. ఆమెకు అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే ఆమె వెనకాల సూట్‌కేసు మోసుకుంటూ పోయి, అక్కడే అంగడి పెట్టుకుని పాతుకుపోయాడు. అట్లా స్థిరపడిన మన దేశంవాళ్లు కూడా అక్కడి లోకల్ ఎలక్షన్లలో పోటీ చేయొచ్చట. ఆయన ఉండే టౌను లండన్‌కు రైల్లో రెండు గంటల దూరం. ఫోన్లో మాత్రం ఎప్పుడూ లండనే అంటాడు. పెళ్లాం ఉద్యోగం పట్టుకుని సముద్రం దాటిన ఈ మనిషే, ఆడది ఎలక్షన్లో నిలబడితే ఆ ఇల్లు నిలబడదని ఒకప్పుడు మా అమ్మకు చెప్పాడు.

ఆ ముచ్చట చెప్పకపోతే నా కడుపుమంట ఎవరికీ అర్థం కాదు.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్లకు వచ్చింది. మా ఊరు నందికొట్కూరుకు దగ్గరే. అమ్మ నామినేషన్ వేసింది. ఎవరో వేయించింది కాదు, తనే వేసింది. పైవీధికి కొళాయి నీళ్లు ఎక్కడం లేదని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, అడిగేవాళ్లం కాదు ఇచ్చేవాళ్లం కావాలని పట్టుబట్టింది. చెప్పులు వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఆడవాళ్లు దోసిలి పట్టి, నీకేలే అక్కా అన్నారు. పోటీ ఎవరంటే చిన్నాయన వాళ్లమ్మ, మా జేజి. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. నామినేషన్ వేసొచ్చిన సాయంత్రం, ఆఫీసులో నా ఏలుకు సిరా ఎందుకు పూసినారే అని నన్నే అడిగింది.

ఎలక్షన్ జరిగితే జేజి ఓడిపోతుందని చిన్నాయనకు తెలుసు. అందుకని ఏకగ్రీవం అన్నాడు. ఊరు ఒక్కమాట మీద ఉంటే నిధులు వస్తాయన్నాడు, ఓట్లు పెడితే తలకాయలు పగులుతాయన్నాడు. విత్‌డ్రాలకు ఆఖరి రోజు చావిడి దగ్గర పెద్దమనుషులను కూర్చోబెట్టి, ఇత్తడి పళ్లెంలో టెంకాయ, అరటిపండ్లు, వక్కాకు పెట్టుకుని వచ్చాడు. మా దిక్కున పళ్లెం అంటే ఆషామాషీ కాదు. సంబంధం ఖాయమైనా, గట్టు తగాదా తెగినా వక్కాకు పళ్లెం చేతులు మారాల్సిందే. ఎదుటివాడు అందుకున్నాడంటే ఒప్పుకున్నట్లే. ఆ తర్వాత కాదంటే మాట తప్పినవాడే.

ఆ పళ్లెం అమ్మ ముందర పెట్టి ఉంటే ఆమె కాలితో తన్ని ఉండేది. చిన్నాయనకు అదీ తెలుసు. అమ్మ పైవీధిలో ఓట్లడుగుతున్న వేళ చూసి, నాయనను పిలిపించి, పదిమందిలో పళ్లెం ఆయన చేతుల్లో పెట్టాడు. నాయనకు ఎవరికీ లేదని చెప్పే అలవాటు లేదు. పట్టుకున్నాడు. పట్టుకుని ఇంటికి తెచ్చాడు.

అమ్మ పళ్లేన్నీ చూసింది, నాయననూ చూసింది.

"నామినేషన్ ఏసింది నువ్వా నేనా?" అంది.

"అందురి ముందర పెట్టినారు. ఏం జేయమంటావు?" అన్నాడు నాయన.

విత్‌డ్రా కాయితం మీద అమ్మ సంతకం పెట్టింది. పెట్టకపోతే మొగుడు మాట తప్పినవాడై ఊళ్లో తలెత్తుకోలేడు. తన తల దించుకుని ఆయన తల నిలబెట్టింది. టెంకాయను కొట్టలేదు, పండ్లు గేదెకు వేసింది, పళ్లెం తీసుకుపోయి అందులో కోళ్లకు నూకలు పోసింది. అప్పటినుంచి అది కోళ్ల పళ్లెమే. సర్పంచి కుర్చీలో జేజి కూర్చుంది, కుర్చీ వెనక చిన్నాయన నిలబడ్డాడు, పైవీధికి నీళ్లు రాలేదు. అమ్మ ఆ తర్వాత ఎప్పుడూ చావిడి దిక్కు పోలేదు. అంగడికి పోవాలన్నా వెనక సందు నుంచి చుట్టు తిరిగి పోయేది.

నేను చదువయ్యాక నందికొట్కూరులో ఫ్లెక్సీల అంగడి పెట్టుకున్నాను. పుట్టినరోజులకు, చావులకు, జాతరలకు, ఎలక్షన్లకు అన్నిటికీ ముఖాలు అచ్చేసేది నేనే. అందుకే చిన్నాయనకు నేను గుర్తొచ్చాను.

"పాపా, నేనీడ కౌన్సిలర్‌కు నిలబడినా. మన ఊర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించల్ల. లండన్ గడ్డ మీద ఘనవిజయం అని ఎయ్యి" అన్నాడు ఒకరోజు ఫోన్ చేసి.

"ఎలక్షనే కాలేదు గదా చిన్నాయనా."

"అయినట్లేలే. సెటిల్ చేసినా."

ఏం సెటిల్ చేశాడో అడిగాను. ఆయన గొంతులో గర్వం చూడాలి. ఆ వార్డుకు ఒక తెల్ల ముసలాయన ఏండ్ల తరబడి గెలుస్తున్నాడట. చిన్నాయన ఇండియన్ కొట్లో టెంకాయ, పండ్లు, ఆకులు, వక్కలు కొని, పళ్లెంలో సర్ది, ఆ ముసలాయన ఇంటికే పోయాడట. ఈసారి నాకు వదిలిపెట్టండి, మీ ఆశీర్వాదం ఉండాలని చెప్పి పళ్లెం చేతికిచ్చాడట.

"తీసుకున్యాడా?" అన్నాను.

"రెండు చేతులా తీసుకున్యాడు పాపా. నవ్వుతా తీసుకున్యాడు. లోపలికి పిల్చి టీ ఇచ్చినాడు, ఆల్ ద బెస్ట్ అన్యాడు. ఇంగేం గావల్ల? పేరు బ్యాలెట్లో ఉంటాది గానీ మనిషి సైలెంట్ అయిపోతాడు. మన దిక్కు చేసినట్లే."

నాకు నవ్వాపుకోవడం కష్టమైంది. అయినా సరిగ్గా తెలుసుకుందామని మరుసటి రోజు చిన్నమ్మకు చేశాను. ఆమె డ్యూటీ దిగి బస్సుకోసం నిలబడి ఉంది.

"ఆయప్ప ఎవురొచ్చినా టీ ఇస్తాడు పాపా. మా ఆసుపత్రికి ముసిలోళ్లను కారులో తెచ్చి దిగబెడతాంటాడు. ఆల్ ద బెస్ట్ అంటే ఈడ పోటీ చేసేటోళ్లందురూ ఒకరికొకరు చెప్పుకుంటారు" అంది.

"మరి చిన్నాయనకు చెప్పలేదా?"

"నా మాట ఎప్పుడు విన్యాడు, ఇప్పుడు వింటానికి?" అని బస్సెక్కింది.

అంటే ఆ రోజుకే నాకు సంగతి మొత్తం తెలుసు. ఒక్క మాట చెప్పి ఉంటే చిన్నాయన మేలుకుని నాలుగిండ్లు తిరిగేవాడేమో. నేను చెప్పలేదు. వారం తర్వాత ఆయన మళ్లీ చేసి, ఇక్కడ వాన, చలి, ఇల్లిల్లూ తిరగాలంటావా అని అడిగితే, "ఎందుకు తిరగల్ల చిన్నాయనా? పళ్లెం తీసుకున్యాడు గదా. పళ్లెం తీసుకున్నోడు యాడన్నా మాట తప్పుతాడా?" అన్నాను. అవునవును అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నాకు ఎదురుగా కోళ్లు కనపడుతున్నాయి, నూకల కోసం ఇత్తడి పళ్లేన్ని ముక్కులతో పొడుస్తున్నాయి.

ఫ్లెక్సీ ఆయన చెప్పినదానికంటే పెద్దది వేశాను. కోటు వేసుకుని, మెడలో దండతో, వెనక లండన్ గడియారం స్తంభంతో. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, ఆ సోమలింగాన్ని చావిడి ముందర అందరికీ కనపడేటట్లు నేనే నిలబడి కట్టించాను. గుడ్డ మంచిది వాడాను. గాలికి చిరిగిపోతే నా పగ సగంలో ఆగిపోతుంది.

అక్కడ పోలింగ్ అయిన మరుసటి రోజు పొద్దున లెక్కింపు, అంటే మనకు ఎండ తిరిగే వేళ. మే నెల ఎండ. చిన్నాయన అందరూ చూడాలని ముందే చెప్పి పెట్టాడు కాబట్టి నా ఫోన్‌ను చావిడిలో టీవీకి కలిపాను. టపాకాయలు తెచ్చిన ఆయన మనుషులు ముందు వరసలో కూర్చున్నారు. నేను ఇంటికి పోయి అమ్మను రమ్మన్నాను. రాదనుకున్నాను. కొప్పు సర్దుకుని, చెప్పులు వేసుకుని వచ్చింది. అన్నేళ్ల తర్వాత ఆ చావిడి అరుగు మీద, నాయన పళ్లెం పట్టుకున్నచోటే కూర్చుంది. నాయన దూరంగా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

అక్కడ చిన్నమ్మ ఫోన్ పట్టుకుని చూపిస్తోంది. పెద్ద హాలు, బల్లలు, చివర్లో చిన్న వేదిక. పోటీ చేసినవాళ్లందరినీ వేదిక మీద వరసగా నిలబెట్టారు. గెలిచినవాడూ ఓడినవాడూ పక్కపక్కనే నిలబడి తమ ఓట్లు తామే వినాలట. ఇది మా దిక్కున లేదు. ఇక్కడ ఓడేవాడు సగం లెక్కింపులోనే వెనక గేటు నుంచి జారుకుంటాడు. చిన్నాయన కోటు, బొట్టు, ముఖం నిండా నవ్వు. ముసలాయనను చూసి మనవాడే అన్నట్లు కన్నుకొట్టాడు కూడా. ముసలాయన మర్యాదగా తల ఊపాడు.

ఆఫీసరమ్మ ఒక్కొక్క పేరూ, ఒక్కొక్క లెక్కా చదివింది. ముసలాయనకు వెయ్యికి కొంచెం తక్కువ. మధ్యలో ఇద్దరికి వందల్లో. చిన్నాయనకు అరవై ఏడు.

టపాకాయలు తెచ్చినవాళ్లలో ఒకాయన, అరవై ఏడు వేలా అని అడిగాడు. తెరమీద చిన్నాయన ముసలాయన దిక్కు తిరిగి, చెయ్యి చాపి, నువ్వు పళ్లెం తీసుకుంటివి గదా అన్నట్లు రెండు చేతులూ పళ్లెం ఆకారంలో పట్టి చూపిస్తున్నాడు. ముసలాయన ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుని ఊపి, నవ్వుతూ ఏదో అన్నాడు. ఏమన్నాడో చిన్నమ్మ తర్వాత చెప్పింది. ఆ టెంకాయ ఇంకా కిటికీలోనే ఉంది, దాన్ని ఎట్లా పగలగొట్టాలి అని అడిగాడట. ఇంత జరుగుతున్నా చిన్నమ్మ ఫోన్ పక్కకు తిప్పలేదు. ఆ అరవై ఏడులో ఆమెది ఉందో లేదో నేను ఈరోజు వరకూ అడగలేదు.

నాకు సంతోషమైంది. మిట్టమధ్యాహ్నం కుండలోని చల్ల తాగినంత హాయిగా ఉండింది. చెరపకురా చెడేవు అన్నది ఊరికే అన్నారా? చావిడి ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి, ఒక్కొక్కరి ముఖం చూసి పంపించాను. సాయంత్రం ఫ్లెక్సీ నేనే విప్పి ఇంటికి తెచ్చాను. అమ్మ దాన్ని బొమ్మ లోపలికి వచ్చేటట్లు తిప్పి కోళ్లగూడు మీద కప్పింది.

మరుసటి రోజు చిన్నాయన ఫోన్ చేశాడు. మేము ముగ్గురం వసారాలో ఉన్నాం. స్పీకర్ పెట్టాను.

"మోసం చేసినాడు పాపా. పళ్లెం తీసుకొని నిలబడినాడు. మాటకు విలువ లేని దేశం ఇది" అన్నాడు.

నేను కసిదీరా ఏదో అనబోయాను. అమ్మ చెయ్యి చాపి ఫోన్ అడిగింది. విత్‌డ్రా రోజు తర్వాత ఆమె ఆయనతో మాట్లాడడం అదే మొదలు.

"ఏమప్పా, నీకెన్ని ఓట్లొచ్చినాయి?"

"వదినా... తెలుసు గదా వదినా. అరవై ఏడు."

"నాకెన్నొచ్చేటివి?"

"ఇప్పుడదెందుకు వదినా?" అన్నాడు ఆయన.

"నీకెన్నొచ్చినాయో లెక్కబెట్టి, నిలబెట్టి, మైకులో చెప్పినారు. నాకెన్నొచ్చేటివో చెప్పప్పా. అరవై ఏడన్నా వచ్చేటివా?"

అవతల అంగడి తలుపు గంట మోగింది, ఎవరో లోపలికి వచ్చారు. ఆయన వాళ్లతో ఏదో ఇంగ్లీషులో చెప్తున్నాడు. గడప దగ్గర కూర్చున్న నాయన, తల ఎత్తకుండానే, "ఒకటి నాది ఉండె" అన్నాడు మెల్లగా.

"నీదీ పళ్లెంలోనే పోయె" అంది అమ్మ. ఫోన్ నాకిచ్చి కోళ్లకు నూకలు వేయడానికి పోయింది.

నా పగ తీరిందనుకున్నానే, అది ఆ మాటతో తిరిగి మొదలైంది. ఆయన ఓడిపోతే చాలనుకున్నాను నేను. ఓడిపోవడం కూడా ఆయనకు దక్కిందనీ, అమ్మకు అది కూడా దక్కలేదనీ నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత చిన్నాయన ఎప్పుడు ఫోన్ చేసినా అమ్మ అడిగేది అదొక్కటే. బాగుండావా వదినా అంటే, నాకెన్నొచ్చేటివప్పా అంటుంది. కోపం లేకుండా, వానలు పడినాయా అని అడిగినట్లే అడుగుతుంది. ఆయన నాకు చేయడం మానేశాడు. మొన్న నాయన నంబరుకు చేశాడు, అన్న మెత్తనివాడు కదా, పలకరించి పెట్టేయొచ్చని. నాయన ఫోన్ ఎత్తి, బాగోగులు కూడా అడగకుండా లేచి, రెండు చేతులా పట్టుకుపోయి అమ్మ చేతిలో పెట్టాడు.