తోడి రాగానికి ఆగిన సాంచాలు

ఆ రోజుల్లో ఎవరైనా దగ్గితే దొంగను చూసినట్టు చూసేవాళ్లం. కరోనా అందరికీ భయం పంచిపెట్టింది కానీ, నాకు మాత్రం రోగం కంటే ఉద్యోగం భయమే ఎక్కువగా ఉండేది (ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది). చిత్రకళా చరిత్ర చదివాను, హిందుస్తానీ పాట నేర్చుకున్నాను, రాగాలను మనుషుల్లా గీసిన పాత రాగమాల బొమ్మల మీద పరిశోధన చేశాను. తీరా ఇంటర్వ్యూలకు వెళితే సంగీతం వాళ్లు ‘బొమ్మల మనిషి’ అన్నారు, బొమ్మల వాళ్లు ‘పాటల మనిషి’ అన్నారు. రెంటికీ చెడ్డ రేవడినై సూరత్‌లో, లింబాయత్ గల్లీలోని మా ఇంటికే వచ్చి పడ్డాను. “ఇదే ఆఖరు బిడ్డా. ఇది గూడ రాకుంటే రింగ్ రోడ్ల సేఠ్ దుకాన్ల కూసోవాలె. మాటిచ్చిన” అన్నాడు బాపు. మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి మరమగ్గాల మీద బతికిన మనిషి, మాటిస్తే తప్పడు.

ఆ ఆఖరుది ఒక విశ్వవిద్యాలయంలో బొమ్మలూ సంగీతమూ కలిపి పాఠం చెప్పే ఉద్యోగం. నా కోసమే పుట్టిందనిపించింది. ఫోన్ ముందు కూర్చుని పాఠం చెప్పి చూపించాలన్నారు. నేను తోడి రాగం బొమ్మను ఎంచుకున్నాను. అడవిలో ఒంటరి స్త్రీ, చేతిలో వీణ, చుట్టూ పాట విని వచ్చిన జింకలు. అది చూపిస్తూ కాస్త పాడాలి. చిక్కల్లా ఏమిటంటే, మా గల్లీలో ఇంటింటా మరమగ్గాలే (మా వాళ్ల మాటల్లో సాంచాలు). లాక్‌డౌన్ ఎత్తేశాక కరువు తీరా మోగుతున్నాయి. ఆ మోతలో పాడే మనిషి పాట పాడే మనిషికే వినపడదు. “నువ్వు రంది వెట్టుకోకు, నేను జెప్తగా” అంటూ బాపు ఇల్లిల్లూ తిరిగొచ్చాడు.

ఆయన ఏం చెప్పాడో నాకు తర్వాత తెలిసింది. నౌకరీ సంగతి ముందే చెబితే దిష్టి తగులుతుందని బాపు నమ్మకం. అందుకని ముఖం వేలాడేసుకుని, “ఇంట్ల జర పనిబడ్డది. సాంచాలు గంటసేపు బంద్ వెట్టుండ్రి, మీకు దండం వెడ్త” అన్నాడట. మా గల్లీలో సాంచాలు మధ్యలో ఆపేది ఒక్కదానికే, ఎవరింట్లోనైనా శవం లేచినప్పుడు. పైగా మా నాయినమ్మ కొన్నాళ్లుగా దగ్గుతూ తెర వెనక మంచంలో ఉంది. గల్లీకి ఇంకేం చెప్పాలి?

ఒక్కొక్క సాంచా ఆగిపోయింది. లాక్‌డౌన్ ఎత్తేశాక అంత నిశ్శబ్దం నేను వినలేదు. నా గుండె చప్పుడే నాకు సాంచాలా వినిపించింది. ఫోన్‌లో ముగ్గురు. మధ్యలో ఉన్న ప్రొఫెసరమ్మ ముఖంలో నవ్వన్నది మచ్చుకైనా లేదు. బొమ్మ చూపించి, నాలుగు మాటలు చెప్పి, కళ్లు మూసుకుని ఆలాపన ఎత్తుకున్నాను. అసలే తోడి, దిగులు రాగం. దానికి నా దిగులు కూడా తోడైంది.

“ఓ పెద్దవ్వా... మమ్ముల ఇడిసి పోయినవా... మొన్ననే గదనే నాతోని చాయ్ తాగితివి!”

ఎదురింటి రేడియో అత్త (గల్లీ వార్తలన్నీ ముందు ఆమె నోటే వినేవాళ్లం). ఉలిక్కిపడి కళ్లు తెరిస్తే, ఫోన్‌లో నా తల వెనక కిటికీలోంచి ఒక కర్ర లోపలికి వస్తోంది, దాని చివర బంతిపూల దండ. దూరం పాటించాలి కదా! ఆ ఏడుపు వినపడకుండా గొంతు పెంచాను. నేను ఎక్కువ ఏడుస్తున్నాననుకుని ఆమె ఇంకా పెంచింది. బయటెవరో “కార్పొరేషనోళ్లకు ఫోన్ గొట్టుండ్రి” అన్నారు. వాళ్లొస్తే ఇల్లు సీలు, గల్లీ సీలు, నా బతుకూ సీలే. అయినా పాట ఆపలేదు.

అప్పుడు తెర తొలగింది. దుప్పటి కప్పుకున్న నాయినమ్మ వచ్చి, “అయ్యో, ఎవలు సచ్చిండ్రే?” అని, జవాబు కోసం ఆగకుండా గుండెలు బాదుకుంటూ ఏడుపందుకుంది (మా వైపు ముందు ఏడుస్తారు, తర్వాత అడుగుతారు). చచ్చిపోయిన మనిషే ఏడుస్తుంటే రేడియో అత్త నోరు తెరుచుకుని ఉండిపోయింది.

“ఏమిటిదంతా?” హిందీలో అడిగింది ప్రొఫెసరమ్మ. అయిపోయింది, ఇక సేఠ్ దుకాణమే అనుకున్నాను. దాచి ప్రయోజనం లేదని, “మా గల్లీలో సాంచాలు చావుకే ఆపుతారు మేడం. ఆగాయి, నా పాట వినపడింది, వచ్చేశారు” అన్నాను. ఆమె కాసేపు కిటికీలో తలలనూ, బొమ్మలో జింకలనూ మార్చి మార్చి చూసింది.

“మరి ఆ జింకలెందుకు వచ్చాయి?”

బట్టీ పట్టిన జవాబు ఎటు పోయిందో తెలియదు. “ఒక్కతే ఏడుస్తోందనుకుని వచ్చుంటాయి మేడం” అన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది. వెనక నుంచి నాయినమ్మ గొంతు: “నేను సచ్చిన్నని దండ తెచ్చినవా? తెస్తే తెచ్చినవ్ గని, గీ వాడిపోయిన పూలేందే?”

ఉద్యోగం వచ్చింది. నాయినమ్మ లేచి తిరిగింది, రేడియో అత్తతో చాయ్ తాగినప్పుడల్లా ఆ దండ గురించి దెప్పేది. నిరుడు నిజంగానే పోయింది. ఫోన్ వచ్చినప్పుడు నేను క్లాసులో ఉన్నాను. రైలు దిగి, ఆటోలో గల్లీ మొదట్లోకి వచ్చేసరికి ఒక్క సాంచా మోగడం లేదు. బాపు ఈసారి ఎవరినీ అడగలేదట. రేడియో అత్త కర్ర లేకుండా దగ్గరికొచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. “ఈసారి తాజా పూలే తెచ్చిన బిడ్డా” అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇప్పటికీ ఏటా పిల్లలకు తోడి బొమ్మ చూపించి, రెండు నిమిషాలు పాడతాను. పాడుతూ పాడుతూ తలుపు వైపు చూస్తాను. “ఎవరైనా వస్తున్నారా మేడం?” అని అడుగుతారు పిల్లలు. “చెప్పలేం” అంటాను.