బోణీ వేళ అత్త మొహం

మాన్విలో నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే రాయచూరు నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త నిద్రలోనే పోయిందట. చెప్పులు వేసుకున్నదాన్ని అట్లాగే గడపలో కూలబడ్డాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందుగా కళ్లముందు నిలిచింది బట్టల దుకాణంలో ఆమె కూర్చునే దర్జా.

ఆమెను ఎరగనివాళ్లకు చెప్పాలి. అత్తకు బొల్లి. మొహం మీద, మెడ మీద, చేతుల మీద తెల్ల మచ్చలు. మామ మోకాళ్లు పట్టేసి ఇంటిపట్టునే ఉండిపోయాక దుకాణం ఆమే తెరిచేది. బోణీకి మా బజారులో ఎంత పట్టింపో! మొదటి బేరం ఎట్లా జరిగితే రోజంతా అట్లాగే నడుస్తుందని నమ్మకం. "పొద్దుగాల్నే గా మొహమా?" అని పక్క దుకాణాలవాళ్లు గొణిగారు. అత్త అది విని, మర్నాటి నుంచి అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. ఏం మొండితనమమ్మా! చీర చూపించాలంటే తన భుజం మీదే వేసుకుని నిలువుటద్దం ముందు నిలబడేది. "చూడక్కా, ఎంత నిండుగున్నదో!" అని తనే ముందు మురిసిపోయేది.

నేను పీయూసీలో ఉండగా నా చేతి మీద కూడా అవే మచ్చలు మొదలయ్యాయి. ఇంట్లో అద్దం మీద తువ్వాలు కప్పేశాను. రాయచూరు ఎండల్లో పొడుగు చేతుల బట్టలు! ఇక నన్నెవరూ మనిషిగా చూడరు, మచ్చగానే చూస్తారని మనసులో పడిపోయింది. చదువు మానేస్తానని కాలేజీకి పోకుండా భీష్మించాను. అమ్మ ఏడ్చింది. అత్త మాత్రం వచ్చి నా జబ్బ పట్టుకుని దుకాణానికి లాక్కుపోయింది.

"ఏందే, చున్నీల చెయ్యి దాస్కున్నవ్? ఎవరన్న ఏమన్న అన్నరా?"

"అనలే. అనుకుంటరు గదా."

"వాళ్ల మనసుల మాట నీకెట్ల ఎరుక? నీ తలకాయల నువ్వే ఒక ఫోటో తీసి పెట్టుకున్నవ్. దాన్నే అందరి చేతుల పెట్టి, నన్ను గిట్లనే చూడుండ్రి అంటున్నవ్."

నాకు కోపం వచ్చింది.

అంతలో కల్మల అనే ఊరి నుంచి ఒక పెద్దావిడ పెళ్లి బట్టల కోసం వచ్చింది. ఇంకా బోణీ కాలేదు. అత్త ముదురాకుపచ్చ ఇల్కల్ చీర తీసి, నా చున్నీ లాగేసి, చొక్కా చేతులు పైకి మడిచి, నా భుజం మీద వేసింది. "చెయ్యి చాపవే, అంచు కనవడాలె" అంది. పెళ్లి బేరం తిరిగిపోతే? దుకాణం పరువంతా తెచ్చి నా చేతి మీద పెట్టింది, మహాతల్లి!

పెద్దావిడ చూపు నా మచ్చల మీద ఆగింది. ఆగడం నేను చూశాను. అత్త మాట కలిపి దాన్ని మళ్లించలేదు, ఊరికే నిలబడింది. ఆ చూపు మెల్లగా అంచు మీదికి, అక్కణ్ణుంచి నా మొహం మీదికి వచ్చింది. "ఇదే కట్రి" అని, అదే కట్టివ్వమంది కన్నడంలో. పోతూపోతూ నా గడ్డం పట్టుకుని ఏం చదువుతున్నావని అడిగింది. పీయూసీ అన్నాను. మానేశానని చెప్పబుద్ధి కాలేదు. మర్నాడు కాలేజీకి పోయాను.

ఆ రోజు అత్తకు అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ అంతుపట్టదు.

దినాలకు ఫోటో పెద్దది చేయించడానికి స్టూడియోకు నేనే పోయాను. దుకాణంలో నవ్వుతూ తీయించుకున్న ఫోటో అది. స్టూడియో ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, "మచ్చలు తీసేద్దామా మేడం?" అన్నాడు.

"ఏ మచ్చలు?" అన్నాను.

వాటి గురించి మీకు ఇంత రాసినదాన్నే, ఆ క్షణాన నాకు నిజంగా అర్థం కాలేదు. ఆయన నన్ను వింతగా చూసి, తెర మీద అత్త మొహాన్ని పెద్దది చేశాడు. అప్పుడు కనబడ్డాయి. ఒక కనుబొమ్మ పూర్తిగా తెల్లగా ఉంది. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చుని, ఆమె చేతి ముద్ద తిని, ఆ సంగతి నేనెన్నడూ గమనించనే లేదు.

"ఎట్లున్నదో అట్లనే ప్రింటు తియ్యండి" అన్నాను.

యంత్రంలోంచి కాగితం మెల్లగా బయటికి రాసాగింది. ముందు ఆ తెల్ల కనుబొమ్మ వచ్చింది, దాని వెనకే నవ్వు.